గరిమెళ్లవారి పాట

బొబ్బిలికోట 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన కూలెను. ఆ సంగతిని ఓర్ము అను నాంగ్ల చరిత్రకారుడు తన గ్రంథమున సవిస్తరముగ వ్రాసియుంచెను. ఆ గ్రంథమును తెఱచి చూచిన తెలుగువారు పదివేలకొక్కరైనను ఉండరు. కాని జంగము తంబుర మీటుచు, వంతలు గుమ్మెటలు చఱచుచుండ, బొబ్బిలికథ నెత్తుకొన్ననాడు కంటతడి పెట్టని పల్లె ఆంధ్రదేశమున లేకుండెను. కోటలోని స్త్రీలును బిడ్డలును ఏమైరో, పాపయ్య గుడారమున నేమి జరిగెనో మన పామరజనులకు తెలిసినది పాటవలననే. ఓర్ము చెప్పిన లెక్కలలోని తప్పొప్పులను పండితులు తేల్చుకొందురు గాక, దుఃఖమును రెండు శతాబ్దములు నిలువబెట్టినది మాత్రము గుమ్మెట.

ఇట్టి దుఃఖమే మఱల 1919వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన దేశమంతటిని క్రమ్ముకొనెను. అమృతసరమున జలియన్‌వాలాబాగున డయ్యరు దొర పది నిమిషములసేపు తుపాకులు కాల్పించెను. 1,650 గుండ్లు పేలినవి. మృతులు 379 మంది యని సర్కారువారు తేల్చిరి. వేయికి తక్కువ లేరని కాంగ్రెసువారి విచారణలో తేలెను. నాటినుండి ఏటేట ఏప్రిల్ 6వ తేదీ మొదలు 13వ తేదీ వఱకు జాతీయ వారమని పేరిడి సభలు, ఊరేగింపులు, ఉపవాసములు జరుపుట దేశమునకాచారమయ్యెను. అక్షరము రాని రైతు పంజాబు ఏ దిక్కుననున్నదో యెఱుగడు. వాని కా ఘోరమును తెలిపినవి భజనగీతములు, వీధిపాటలు, నాటకములు. దామరాజు పుండరీకాక్షుడుగారి పాంచాలపరాభవము అను నాటకము ఆ వృత్తాంతమునే పురాణకథ మాటున రంగమున కెక్కించి నిషేధమునకు గురియైనది. నాటకమును నిషేధింపవచ్చును, తెర దించవచ్చును, వేషధారిని బండియెక్కింపవచ్చును. పాటను ఆపుట మాత్రము దొరలకు సాధ్యము కాలేదు. ఆ పాటలలో ఆంధ్రుల నాలుకపై తక్కిన వాని నన్నిటిని మించి నిలిచినది మాకొద్దీ తెల్లదొరతనము అను గీతము. మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో తాతలవలన ఆనాటి కథలు విన్నవారు ఆ కథలతో బాటు ఈ పాటను గూడ వినియేయుందురు. పాట వినినవారిలో దానిని కట్టినవారి బ్రదుకు తెలిసినవారు చాల తక్కువ. కావుననే ఆ బ్రదుకును ఇచ్చట కొంత విస్తరించి చెప్పదలచితిమి.

గరిమెళ్ల సత్యనారాయణగారు 1893వ సంవత్సరము జూలై 14వ తేదీన నరసన్నపేట ప్రాంతమున గోనెపాడు గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నేడు శ్రీకాకుళము జిల్లాలోనిది. నాడు గంజాము జిల్లాలోనిది. జూలై 14వ తేదీ ఫ్రాన్సు ప్రజలు బాస్తీలు కోటను పట్టుకొన్న దినము. కాకతాళీయమే యైనను, చెప్పక విడుచుటకు మనసొప్పలేదు. తల్లి సూరమ్మగారు, తండ్రి వేంకటనరసింహముగారు. ఇల్లు పేదది. ప్రియాగ్రహారమున ఓనమాలు దిద్ది, పిదప విజయనగరము మొదలగు పట్టణములలో పరుల యాదరమున చదివి, కన్నేపల్లి నరసింహారావుగారను న్యాయవాది చేయూతతో బి.ఏ. పట్టమును పొందిరి. ఆ కాలమున బి.ఏ. పట్టమనగా సర్కారుకొలువునకు తాళపుచెవి. గరిమెళ్లవారును గంజాము కలెక్టరు కచేరిలో గుమస్తాగా చేరిరి. పిదప విజయనగరమున ఉపాధ్యాయులుగా నుండిరి. ఏ కొలువునను చాలకాలము నిలువలేదు. పై యధికారియెదుట చేతులు కట్టుకొని నిలుచు విద్య వారికలవడలేదు. అది లేనివానికి ఆ రోజులలో కచేరిలోగాని, పాఠశాలలోగాని చోటు తక్కువ.

1920 డిసెంబరున నాగపురమున కాంగ్రెసు సమావేశమై పంజాబు ఘోరములకును, ఖిలాఫతు విషయమున జరిగిన ద్రోహమునకును ప్రతీకారముగ సహాయనిరాకరణమును నిర్ణయించినది. న్యాయవాదులు కోర్టులు విడిచిరి. విద్యార్థులు కళాశాలలు విడిచిరి. గరిమెళ్లవారికి విడుచుటకు ఆస్తి యేమియు లేదు. ఉన్నది కంఠమొకటి, కలమొకటి. ఆ రెండును ఉద్యమమునకిచ్చిరి. స్వరాజ్యగీతములని పేరుపొందిన వారి పాటలు ఆ కాలమున పుట్టినవి. వానిలో తలమానికము మాకొద్దీ.

ఈ పాట గుణమును కొంచెము వివరింప వలసియున్నది. మన కవులు అంతకుముందే దేశభక్తిని పాడియుండిరి. గురజాడవారు దేశమును ప్రేమింపుమనిరి. చిలకమర్తివారు పాలిచ్చు గోవును, దానిని పితుకు దొరలను చూపిరి. ఆ కవితలు చదువుకొన్నవారి నోటినుండి చదువుకొననివారి చెవికి దిగినవి. గరిమెళ్లవారి పాట మొదటినుండియు నేలమీదనే నిలిచినది. అందు భరతమాత కిరీటము లేదు, గంగాయమునలు లేవు. పంట చేతికి వచ్చియు గంజి కరవైన కాపు ఉన్నాడు. సర్కారు సెలవుపై తెఱచిన కల్లు సారాయి దుకాణము, దానివలన తెగిన పుస్తె ఉన్నవి. కోర్టులలో చితికిన కుటుంబమున్నది. ముట్టుకొనిన నేరమైన ఉప్పు ఉన్నది. ఈ ఉప్పు మాటను చదువరులు గమనింపవలెను. గాంధీమహాత్ముడు దండికి నడచి పిడికెడుప్పు నెత్తినది 1930వ సంవత్సరమున. తొమ్మిది సంవత్సరములకు ముందే యీ తెలుగు పేదవాడు ఉప్పుపన్ను సామాన్యుని నోటిలో మట్టివంటిదని కనిపెట్టి పాటలో పెట్టినాడు. రాజనీతిజ్ఞులకు తోచుటకు ముందే ఆకలిగొన్నవానికి కొన్ని సంగతులు తెలియును.

వరుస యందఱికిని పట్టుబడునది. పల్లవి ఒకడందుకొన్నచో పదుగురు కలియుటకు కష్టము లేదు. చరణములు చాల కలవు. ఎవరికి వలసినవి వారు పాడుకొనవచ్చును. ప్రతి యొక్కటి బేడకు అమ్ముడుపోయెననిన, కూలివాడు దానిని ఏ విలువకు కొనెనో ఊహించుకొనుడు. ఈ రోజులలో స్వాతంత్ర్యదినోత్సవమునాడు పాఠశాలలలో బాలురచేత ఈ పాట పాడించుట కలదు. సంతోషమే. కాని పెక్కుచోట్ల పల్లవియు, ఒకటి రెండు చరణములును మాత్రమే పాడించి తక్కినవి విడుచుచున్నారు. సారాయి చరణమును, కోర్టుల చరణమును విడిచినచో మిగులునది తెల్లవానిపై కోపము మాత్రమే. తెల్లవాడు 1947లో వెడలిపోయెను గనుక ఆ కోపమువలన నేడెవరికిని ఇబ్బంది లేదు. విడువబడిన చరణములు పాడినచో మనవారిలో కొందఱకు గుచ్చుకొనునేమో. అందువలననే విడుచుచున్నారని మేము నిందింపము; అయినను పాటను నిండుగ పాడుట కర్తకు మనము చెల్లింపవలసిన బాకీ.

ఇక మన మండలమునకు వత్తము. 1921-22 సంవత్సరములలో గుంటూరుజిల్లా పడినన్ని పాట్లు ఆంధ్రదేశమున మఱియొక జిల్లా పడలేదనుట అతిశయోక్తి కాదు. చీరాల నాడు బాపట్ల తాలూకాలోనిది. చీరాల పేరాలలను కలిపి సర్కారువారు పురపాలకసంఘమును నెలకొల్పిరి. నేతగాండ్రును చిన్న వర్తకులునగు ప్రజలపై పన్నులు అనేక రెట్లు పెరుగునట్లయ్యెను. ప్రజలు మాకీ సంఘము వలదనిరి. సర్కారు వినలేదు. 1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చిరి. పిదప దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు ఊరు విడిచిరి. పదునైదువేల జనములో పదుమూడువేలకు పైగా ఇండ్లకు తాళములు వైచి, మగ్గములు, ముసలివాండ్రు, పసిబిడ్డలు సహితముగ పొలిమేర దాటి, తాటాకు పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరు పెట్టుకొని పదునొకండు మాసములు కాపురముండిరి. ఎండలును వానలును ఆ పాకలలోనే కడచినవి. గోపాలకృష్ణయ్యగారు తాము గూడ గాయకులు. వారి రామదండు కాషాయాంబరములతో, రుద్రాక్షలతో, రామభజనతో కదలుచుండెను. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి వచ్చినవారు జానపదుల కళలను నెత్తిన పెట్టుకొని తిరిగిరి. వారిని బరంపురమున నిర్బంధించి ఒక సంవత్సరము తిరుచినాపల్లి చెఱలో నుంచినపిమ్మట రామనగరము క్రమముగ చెదరిపోయెను. నేతగాండ్రు తిరిగి తమ ఇండ్లకు వచ్చినప్పుడు పన్నులు వారికొఱకు కాచుకొనియే యుండెను.

చీరాల చల్లారకమునుపే పెదనందిపాడు భగ్గుమనెను. పర్వతనేని వీరయ్యచౌదరిగారి యాధ్వర్యవమున ఫిర్కాలోని రైతులు భూమిశిస్తు చెల్లింపక నిలిచిరి. కరణములును మునసబులును మూకుమ్మడిగ రాజీనామాలిచ్చిరి. శాంతిసేన యను పేర యువకులు ఊరూర కావలి కాచిరి. సర్కారువారు రూథర్‌ఫర్డు దొరను పంపిరి. సైన్యము పల్లెల గుండ కవాతు చేసెను. పశువులను, పాత్రలను జప్తు చేసిరి. జప్తైన సొత్తును వేలములో కొనుటకు మనిషి దొరకలేదు. ఇంతలో చౌరీచౌరాలో దుర్ఘటన జరిగెను. 1922 ఫిబ్రవరిలో బార్డోలీనుండి ఉద్యమము నాపుడని ఆజ్ఞ వచ్చెను. శిస్తు కట్టక తప్పినది కాదు. ఆ మాసముననే పల్నాటిలో పుల్లరి కట్టమన్న కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. గెలిచిన పోరాటములకు విజయస్తంభములు నిలుచును. ఇవి యేవియు గెలువలేదు. ఊరు విడిచిన అవ్వ, ఎద్దులను పోగొట్టుకొన్న రైతు, ఉద్యోగము పోయిన మునసబు తమ బిడ్డలకు చెప్పుకొనుటకు మిగిలినవి ఆ కష్టములును, ఆ నాటి పాటలును. ఆ యేండ్ల నూరూర మ్రోగిన పాట మాకొద్దీయే యగుటచే, మన తాలూకాలలో దానికిని చీరాల పెదనందిపాడుల కథకును విడదీయరాని పొందిక ఏర్పడినది. పాటలో ఈ ఊళ్ల పేర్లు వెదకనక్కఱలేదు. ఒక కాలపు దుఃఖము ఏ పాటలో చేరవలెనో నిర్ణయించునది పాడువాడే గాని కట్టినవాడు కాడు.

పాట ప్రాకుటతో పోలీసు కన్ను దానిపై పడెను. ఆనాటి కలెక్టరు బ్రాకెన్ దొర గరిమెళ్లవారిని పిలిపించి, పాటను ఎదుట పాడించుకొని, తనకు భాష రాకున్నను దాని శక్తిని గ్రహించెనని చెప్పుదురు. గ్రహించినవాడు మెచ్చి కానుక లిచ్చుట రాజులనాటి మాట. ఈ రాజ్యమున మెప్పు కారాగారరూపమున లభించెను. ఒక సంవత్సరము శిక్ష విధించిరి. చెఱనుండి వెలువడినపిమ్మట గరిమెళ్లవారు గడ్డము పెంచి, కాషాయము దాల్చి, పల్లెపల్లె తిరిగి ఆ పాటలనే పాడిరి. మఱల పట్టుకొనిరి. ఈ పర్యాయము రెండున్నర సంవత్సరముల కఠినశిక్ష.

వారు చెఱలోనుండగా తండ్రి మరణించిరి. క్షమాపణ వ్రాసియిచ్చినచో విడుదల చేయుదుమని యధికారులు చెప్పిరి. వారు వ్రాసియీయలేదు. హిందూగృహస్థునకు పితృకార్యమెంతటిదో మన చదువరులకు వేఱుగ చెప్పనేల? ఆ రాత్రులు వారెట్లు గడపిరో లోకమునకు తెలియదు. పెద్ద నాయకుల చెఱసాల దినచర్యలు పుస్తకములుగ వెలసినవి, చిన్నవారివి వెలయలేదు.

విడుదలయైనపిమ్మటి జీవితము నాలుగు మాటలలో చెప్పదగినది. అందు ఘనకార్యములు లేవు. పొట్టకూటికొఱకు పెనగులాట కలదు. అస్పృశ్యులని దూరముంచబడినవారిని గూర్చి పాటలు వ్రాసిరి. బాలురకు గీతములు వ్రాసిరి. తమిళ కన్నడములనుండి అనువదించిరి. చెన్నపట్టణము చేరి డాక్టరు కేసరిగారి గృహలక్ష్మిలోను, ఆచార్య రంగాగారి వాహినిలోను, ఆంధ్రప్రభలోను పనిచేసిరి. పత్రికాకార్యాలయములలో ఎవ్వరి యుద్యోగమును స్థిరము కాదు. ముక్కుసూటిగ మాటాడువానిది మొదలే కాదు. కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు జీవించియున్నంతవఱకు వారికి సహాయము చేయుచుండిరి. పంతులుగారు 1938 ఏప్రిల్ 11వ తేదీన కీర్తిశేషులైరి. తెలుగునాట పంతులుగారిచేతి యన్నము తినని రచయిత అరుదు. వారు పోయిననాడు అనాథలైనవారి లెక్క ఎవరును తీయలేదు.

ఫ్రాన్సుదేశమున రూజే ద లీల్ అను సేనాని 1792వ సంవత్సరమున స్ట్రాస్‌బూర్గు పట్టణమున ఒక్క రాత్రిలో మార్సెయేజు అను గీతమును కట్టెను. ఆ పాట పాడుచు విప్లవసేనలు యుద్ధములు గెలిచినవి. కట్టినవానిని మఱుసటి యేడు విప్లవప్రభుత్వమే చెఱలో వేసెను. అతడు 1836లో పేదఱికముననే మరణించెను. 1915వ సంవత్సరము జూలై 14వ తేదీన అతని యస్థులను పారిసునకు తెచ్చి, వీరులను సమాధిచేయు నంవాలీదు మందిరమున రాజలాంఛనములతో నుంచిరి. డెబ్బదితొమ్మిది సంవత్సరములు పట్టినను ఫ్రెంచివారికి జ్ఞప్తికి వచ్చెను. ఆ గీతము వారికి జాతీయగీతమైనది గనుక దాని కర్త పేరు ప్రతి బాలుడును చదువును. గరిమెళ్లవారి పాట మన పాఠ్యపుస్తకములలోనికి వచ్చిన యేండ్లు కలవు, పోయిన యేండ్లు కలవు.

1942వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీని తెనాలివారు మఱువరు. మహాత్ముని నిర్బంధించిరను వార్త విని పట్టణము హర్తాలు పాటించెను. జనము రైలుస్టేషనుపైకి పోయెను, స్టేషను తగులబడెను, పోలీసులు కాల్పులు జరిపిరి. ఏడుగురు నేలకొరిగిరి. వారి జ్ఞాపకార్థము నిలిపిన స్తంభములు రణరంగచౌకున నేటికిని కలవు. అంగడికి పోవువారు, రేపల్లె బండి యెక్కువారు ప్రతిదినము ఆ పరిసరముననే నడతురు. కాల్పులనాటికి మాకొద్దీ పుట్టి ఇరువదేండ్లు దాటెను. పాట పుట్టినపుడు తొట్టెలలోనున్న బిడ్డలు అప్పటికి స్వరాజ్యోద్యమమున దిగు వయసు వారైరి. దానిని కట్టినవారో, చెన్నపట్టణమున నేఁబదియేండ్ల వయసున, ఏ పత్రిక యే వ్యాసమునకు ఎంత యిచ్చునోయని లెక్కలు చూచుకొనుచుండిరి.

స్వరాజ్యము వచ్చెను. గరిమెళ్లవారికి అది ఏమియు తేలేదు. ఒక కన్ను పోయెను. పక్షవాతము సోకెను. తెలిసినవారి యిండ్లకు పోయి చేయి చాపవలసిన గతి పట్టెను. నాడు చెఱకు పోయినవారిలో ఎందఱో శాసనసభ్యులైరి, కొందఱు మంత్రులైరి. వారు పదవులు పొందుట తప్పు కాదు, దేశమునకు పాలకులు కావలసియే యుండిరి. కాని ఏ పాట వేదికలపై జనమును కూర్చి వారిని నాయకులను చేసెనో ఆ పాట కర్తకు నెలకు ఇంతయని గ్రాసమేర్పఱచుటకు ఎవ్వరికిని తీరిక లేకపోవుట మాత్రము క్షమింపరానిది. పత్రికలవారమగు మాకును ఇందు భాగము కలదు. మా వర్గము వారి రచనలను అచ్చువేసినది. వారి యాకలి సంగతిని అచ్చువేయలేదు.

ఆంధ్రరాష్ట్రము కావలెనని మొదటి ఆంధ్రమహాసభ 1913వ సంవత్సరము మే మాసమున బాపట్లలో కూడెను. ఆ కోరిక తీరుటకు నలువది సంవత్సరములు పట్టినది. 1952 డిసెంబరు 15వ తేదీ రాత్రి చెన్నపట్టణమున పొట్టి శ్రీరాములుగారు ఏఁబదియెనిమిది దినముల నిరశనానంతరము ప్రాణములు విడిచిరి. ఆంధ్రదేశమంతయు అట్టుడికినట్లుడికెను. రైళ్లు నిలిచినవి, పలుచోట్ల కాల్పులు జరిగినవి. పత్రికలనిండ ఆ వార్తలే. డిసెంబరు 18వ తేదీన గరిమెళ్ల సత్యనారాయణగారు కన్నుమూసిరి. వయస్సు ఏఁబదితొమ్మిది సంవత్సరములు. అట్టి వారమున ఒక ముసలి కవి చావు మఱుగుపడుట వింత కాదు. మఱునాడు, 19వ తేదీన, ఆంధ్రరాష్ట్రము నేర్పఱచుదుమని ప్రధానమంత్రి నెహ్రూపండితులు లోకసభలో ప్రకటించిరి.